స్నేహితుడు అడ్డదారిలో ఎల్క్ కొట్టాడు. రిపోర్ట్ చేయాలా, వద్దా?

కొత్తవేటగాడు (అరోరా, కొలరాడో)

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పేర్లు చెప్పను, దయచేసి మీరూ అడగొద్దు.

ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకని రెండో రైఫిల్ సీజన్‌కి ముగ్గురం మీకర్ పైన వైట్ రివర్ అడవిలోకి వెళ్ళాం. ఒకరు నాకన్నా పెద్దాయన, అన్నా అనే పిలుస్తాను. నాకు వేట నేర్పింది ఆయనే. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేర్పించాడు, రేంజ్‌కి తిప్పాడు, నా మొదటి సీజన్‌లో తన తుపాకీ ఇచ్చాడు. ఆయనకీ నాకూ పోతు ట్యాగ్‌లు (ఒక మగదాన్ని కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీలు) ఉన్నాయి. మూడో అతను వేటగాడు కాదు, వంటకీ ఫొటోలకీ వచ్చాడు.

తెల్లవారుతుండగా ఆస్పెన్ చెట్ల అంచున గుంపు కనబడింది. అన్న పోతుని కొట్టాడు. చక్కటి దెబ్బ. కానీ తూటా దాని పక్కటెముకల్లోంచి దూసుకుపోయి వెనకున్న ఆడదానికి తగిలింది. మేం దగ్గరికెళ్ళేదాకా రెండోది పడిందని ఎవరికీ తెలియదు.

వన్యప్రాణి శాఖ ఆఫీసర్‌కి ఫోన్ చేద్దామన్నాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్రక్కు దగ్గరికెళ్ళి గ్లవ్ బాక్స్‌లోంచి వదిన పేరు మీదున్న కౌ ట్యాగ్ (ఆడదాన్ని కొట్టే చీటీ) తెచ్చాడు. దాన్ని బానెట్ మీద పెట్టి తేదీ వేశాడు, వదిన సంతకం తనే చేశాడు, ఆడదాని కాలికి కట్టాడు. వదిన ఆ రోజు ఇంట్లోనే ఉంది, పిల్లాడి స్కూల్లో ఏదో ప్రోగ్రాం. "ఒక్క ముక్క పారేయట్లేదు, ట్యాగ్‌కి డబ్బు కట్టాం, ఎవరికిరా నష్టం?" అన్నాడు. రెండూ కోసి తెచ్చుకున్నాం. నాకూ ఒక పోగు వేశాడు.

ఇంకో సంగతి. ఆయనది హెచ్-1బీ. గ్రీన్ కార్డు లైన్లో పదేళ్ళు దాటింది. నేను ఫోన్ చేస్తే ఏమవుతుందోనని నిద్ర పట్టట్లేదు, చేయకపోయినా పట్టట్లేదు. ఏం చేయమంటారు?

ఉల్లిపకోడి (డాలస్)

బ్రో, లైట్ తీస్కో. పొరపాటున పడింది, ట్యాగ్ ఉంది, కట్టాడు. మాంసం వేస్ట్ కాలేదు. కీమా వండుకుని తినేసి పడుకో.

రూల్‌బుక్ (కొలరాడో స్ప్రింగ్స్)

పకోడీ గారూ, ఇది లైట్ తీసుకునే విషయం కాదు. తూటా దూసుకుపోయి రెండోది పడటం పొరపాటే, ఒప్పుకుంటాను. తర్వాత చేసినవేవీ పొరపాట్లు కావు. కొలరాడోలో ఒకరి ట్యాగ్ మీద ఇంకొకరు కొట్టడానికి వీల్లేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో జింకల వేటకి గుంపులో ఒకరి ట్యాగ్ ఇంకొకరు వాడుకునే పద్ధతి ఉంది. ఇక్కడ లేదు. పైగా సంతకం ఫోర్జరీ.

అక్రమంగా ఎల్క్‌ని దగ్గర పెట్టుకున్నందుకు వెయ్యి డాలర్ల జరిమానా, దాని మీద సర్‌చార్జి, లైసెన్స్ మీద 15 పాయింట్లు. ఐదేళ్ళలో 20 చేరితే సస్పెన్షన్. ఇక్కడ సస్పెండ్ అయితే రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల దేశంలో దాదాపు ఎక్కడా వేటాడలేరు. వ్యోమింగ్ వెళ్ళి కొడతానంటే కుదరదు.

కొత్తవేటగాడు గారూ, మీ ఫ్రీజర్లో ఉన్న పోగు కూడా ఇందులో భాగమే. అక్రమంగా చంపిన జంతువు మాంసాన్ని తెలిసీ ఉంచుకుంటే మీరూ లెక్కలోకి వస్తారు.

బోజ్‌మన్_బాబాయ్ (మాంటానా)

రిపోర్ట్ చేయడానికి నేను పూర్తిగా వ్యతిరేకం. కొంచెం ఘాటుగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

కొలరాడోలో ఎల్క్‌లు 2.8 లక్షల దాకా ఉన్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. అందులో ఒక ఆడది పొరపాటున పోయింది. ఇటువైపు ఒక మనిషి, ఆయన భార్య, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు, పదేళ్ళ ఎదురుచూపు. ఈ రెండింటినీ తక్కెట్లో పెడితే ఎటు మొగ్గుతుందో చెప్పడానికి రూల్‌బుక్ అక్కర్లేదు.

ఆయన తుపాకీతో నేర్చుకుని, ఆయన ట్రక్కులో తిరిగి, ఆయన పెట్టింది తిని, ఇంటికొచ్చి ఆయన మీదే ఉప్పందిస్తారా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. కొమ్ముల కోసం రాత్రిపూట లైటు వేసి కొట్టి, తల నరుక్కుని మొండెం వదిలేసే వాళ్ళున్నారు. వాళ్ళని పట్టివ్వండి, మొదటి ఫోన్ నేనే చేస్తాను. ఇది ఆ బాపతు కాదు.

పూడ్రే_పెద్దాయన (ఫోర్ట్ కాలిన్స్)

బాబాయ్, మీరన్న తేడా నిజమే. తల నరుక్కుని మాంసం వదిలేస్తే ఇక్కడ ఫెలనీ దాకా వెళ్తుంది. రెండిటినీ ఒకే గాటన కట్టలేం.

అయితే కొత్తవేటగాడిని ఒకటి అడగాలి. బాబూ, మీ వదిన ఇంట్లో ఉంటే ఆవిడ ట్యాగ్ ట్రక్కులో ఏం చేస్తోంది?

తాపీగా ఆలోచించి చెప్పు. ట్యాగ్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ జేబులో ఉండాలి. ఆవిడ రావట్లేదని బయల్దేరే ముందే తెలుసు కదా? తెలిసీ గ్లవ్ బాక్స్‌లో పెట్టుకున్నాడంటే ఆడది పడ్డాక పుట్టిన ఆలోచన కాదది.

ఇంకోటి. దాని తల జబ్బు టెస్టుకి ఇచ్చారా? ఇస్తే ఎవరి పేరున?

నల్లమల_నేటివ్ (మార్కాపురం, ప్రస్తుతం హైదరాబాద్)

అడగొచ్చో లేదో తెలియదు. అసలు మీరంతా ఎందుకు వేటాడుతున్నారు? మన దగ్గర 1972 చట్టం వచ్చాక వేటే నేరం. మా వైపు అడవి పందిని కొట్టినా కేసే. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల్ని కొడితే బిష్ణోయ్ ఊరివాళ్ళు జీపు వెంటపడి, వచ్చింది పెద్ద సినిమా హీరో అని తెలిసి కూడా కేసు పెట్టారు. ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగి సాక్ష్యం చెప్పారు, 2018లో శిక్ష పడింది. ముక్కూ మొహం తెలియని జింక కోసం వాళ్ళు అంత చేస్తే, మీరు ఒక్క ఫోన్‌కి ఇంత ఆలోచిస్తున్నారేంటి?

పూడ్రే_పెద్దాయన

నేటివ్ గారూ, మంచి ప్రశ్నే, కానీ రెండు చోట్లా పరిస్థితి వేరు. ఇక్కడ ఎల్క్ దాదాపు అంతరించిపోయి మళ్ళీ వచ్చిన జంతువు. వందేళ్ళ కిందట మితిమీరిన వేటతో చాలా చోట్ల తుడిచిపెట్టుకుపోయింది. ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళో ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు తీసుకునే మంద, 1913-14లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలినవాటి సంతానమే. తర్వాత వాటిని కాపాడిన ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్ళదే. లైసెన్స్ ఫీజులు ఒక ఎత్తు, 1937 చట్టం కింద తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్ను ఇంకో ఎత్తు. ఇది లెక్కగా సాగే వేట. ఎన్ని ట్యాగ్‌లు ఇవ్వాలో ప్రతి ఏడూ చూసి తేలుస్తారు.

ఆ లెక్క దగ్గరే మనవాళ్ళు పొరబడతారు. "ట్యాగ్‌కి డబ్బు కట్టాం, ఎవరు కొడితే ఏం" అంటారు. ఎల్క్ వేటకి ఐదుగురు వెళితే దొరికేది సుమారు ఒకరికి. మిగతావాళ్ళు ఉత్తి చేతులతో వస్తారని తెలిసే అన్ని ట్యాగ్‌లు అమ్ముతారు. ఇంట్లో కూర్చున్నవాళ్ళ ట్యాగ్‌లన్నీ గురి తెలిసిన ఒక్కడు నింపేస్తుంటే ఆ అంచనా గల్లంతే. పైగా అది ఆడది. సెప్టెంబర్‌లో జత కడతాయి, అక్టోబర్ చివరికి చాలా ఆడవి చూలుతో ఉంటాయి.

స్పొకేన్_అక్క (వాషింగ్టన్)

ఇన్ని పోస్టులు చదివాను. బాబాయ్ గారు తక్కెట్లో మనిషిని పెట్టారు, భార్యని పెట్టారు, పిల్లాణ్ణి పెట్టారు. ఆ భార్యకి ఈ సంగతి తెలుసా అని మాత్రం ఎవరూ అడగలేదు.

సంతకం ఆవిడ పేరుతో ఉంది. లైసెన్స్ ఆవిడది. రేపు ఎవరైనా తలుపు కొట్టి "ఈ ఎల్క్‌ని మీరు ఎక్కడ, ఎన్ని గంటలకి కొట్టారు?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆవిడ. భర్త కోసం అబద్ధం చెప్తే ఆవిడా ఇరుక్కుంటుంది, నిజం చెప్తే భర్తని తనే పట్టిచ్చినట్టవుతుంది. ఆవిడ వీసా కూడా ఆయన మీద ఆధారపడిందే అయ్యుంటుంది.

నేను వేటాడతాను. మా ఆయనకి రక్తం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అయినా చెక్‌పోస్టులో ఎప్పుడూ ఆయన్నే అడుగుతారు "ఎక్కడ కొట్టారండీ" అని! ఆడవాళ్ళ పేరున ట్యాగ్ తీయించి మగవాళ్ళు నింపుకోవడం ఈ సర్కిల్‌లో ఎంత మామూలో నాకు తెలుసు. "మా ఆవిడ కొట్టింది" అని ఫేస్‌బుక్‌లో ఫొటో పెడతారు, ఆవిడ చెప్పులేసుకుని గరాజ్‌లో నిలబడి ఉంటుంది.

ఉల్లిపకోడి

అక్కా 😂 గరాజ్ ఫొటో నిజంగానే చూశా.

రూల్‌బుక్

అక్క గారు చెప్పినదానికి ఇంకొకటి. ఎవరికైనా అనుమానం వస్తే ఫోన్ టవర్ రికార్డులు, స్కూల్ ప్రోగ్రాం ఫొటోలు చాలు. ఆ రోజు ఆవిడ అడవిలో లేదని తేలడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

బోజ్‌మన్_బాబాయ్

అనుమానం ఎవరికొస్తుంది? అక్కడున్నది ముగ్గురు. మూడో అతను చెప్పడు. అంటే ఈయన చెబితేనే బయటపడుతుంది.

వీసా_వేదన (న్యూజెర్సీ)

నేను లాయర్‌ని కాను, పదిహేనేళ్ళుగా ఈ క్యూలో నిలబడి అన్ని ఫారాలూ నింపినవాణ్ణి. రెండు ముక్కలు చెప్తాను.

మామూలుగా హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. మనవాళ్ళు తుపాకీ కొనగలుగుతున్నది ఆ దారిలోనే. కాబట్టి ఆ అన్నగారికి లైసెన్స్ సస్పెండ్ అయితే వేట ఒక్కటే పోయినట్టు కాదు, ఇంట్లో ఉన్న తుపాకుల సంగతేంటన్న ప్రశ్న వస్తుంది. ముందు దాని గురించే లాయర్‌ని కలవాలి.

రెండోది. వేట కేసులో జరిమానా కట్టిన ప్రతివాణ్ణీ దేశం నుంచి పంపించేయరు. అలా భయపడటం అనవసరం. కానీ గ్రీన్ కార్డుకీ సిటిజన్‌షిప్‌కీ వేసే ఫారాల్లో ఎప్పుడైనా సైటేషన్ వచ్చిందా, నేరం చేశారా అని అడుగుతారు. అక్కడ దాచిపెట్టడం అసలు కేసుకన్నా ప్రమాదం. ఫోర్జరీ ఇంకా చెడ్డది, ఎందుకంటే మోసం అనే మాట ఉన్న ఏ కేసునైనా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వేరే కళ్ళతో చూస్తారు.

నాకైతే ఆయన తనంతట తాను వెళ్ళి చెప్పుకుంటేనే అన్ని విధాలా నయం అనిపిస్తోంది.

పూడ్రే_పెద్దాయన

అదే నేను చెప్పబోతున్నాను. మా గుంపులో ఒక కుర్రాడు, మంచు కురుస్తుంటే, కొమ్ముకి నాలుగు కొనలున్నాయనుకుని స్పైక్‌ని కొట్టాడు. తెలియనివాళ్ళకి: ఇక్కడ చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) పోతుకి ఒక కొమ్ము మీద కనీసం నాలుగు కొనలైనా ఉండాలి, లేదా కనుబొమ పైన మొలిచే కొన ఐదంగుళాలైనా ఉండాలి. దీనికి రెండూ లేవు, చిన్న గూటంలా ఒక్కో కొమ్ము. కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. పేగులు తీసి మాంసం చల్లబడేలా చేసి, సిగ్నల్ దొరికేదాకా దిగివచ్చి తనే ఫోన్ చేశాడు.

ఆఫీసర్ సాయంత్రానికి వచ్చాడు. అరవలేదు, లెక్చర్ ఇవ్వలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో చూశాడు, ఎంత దూరం నుంచి కొట్టావని అడిగాడు, టికెట్ రాశాడు, జంతువుని తీసుకెళ్ళాడు. ఆ మాంసం అవసరమున్న ఒక కుటుంబానికి ఇచ్చారని తర్వాత చెప్పారు. కుర్రాడు మరుసటి ఏడు మళ్ళీ మాతో వచ్చాడు. తనంతట తాను చెప్పినవాడికీ దాచినవాడికీ ఆఫీసర్లు ఒకే రకంగా రాయరు. వాళ్ళకి కొంత విచక్షణ ఉంటుంది.

ఆ గంటలోనే ఫోన్ చేసి ఉంటే ఈ అన్నదీ అలాంటి కేసే అయ్యేది. ఇప్పుడు చెప్పినా కొంత నయమే.

బాబూ కొత్తవేటగాడా, గ్లవ్ బాక్స్ సంగతి ఇంకా చెప్పలేదు నువ్వు.

కొత్తవేటగాడు

పెద్దాయన గారూ, మీరడిగినప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. జవాబు రాయడం ఇష్టంలేక ఆగాను.

నిన్న మూడో అతనికి ఫోన్ చేశాను. అతను నవ్వేసి, "నీకు తెలియదా? కిందటేడు కూడా వదిన ట్యాగ్ అన్నే నింపాడు" అన్నాడు. అప్పుడు నేను వెళ్ళలేదు. వదిన కొట్టిందని చెప్పి మాకందరికీ కబాబులు పెట్టారు, నేను వదినకి కంగ్రాట్స్ కూడా చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా ప్లేటు అందించి లోపలికి వెళ్ళిపోయింది. మాటలు తక్కువ మనిషిలే అనుకున్నాను.

తల టెస్టుకి ఇచ్చాం. వదిన పేరునే.

పూడ్రే_పెద్దాయన

తెలియనివాళ్ళ కోసం: జింకలకీ ఎల్క్‌లకీ వచ్చే మెదడు జబ్బు ఒకటుంది, సీడబ్ల్యూడీ అంటారు. 1967లో మా ఊళ్ళోని పరిశోధనా కేంద్రంలోనే మొదట గుర్తించారు. అది ఎంత పాకిందో తెలుసుకోవడానికి తలలు టెస్ట్ చేస్తారు, ఏ యూనిట్లో ఎవరు కొట్టారో రాసుకుంటారు. అంటే ఆ తప్పుడు వివరం ఇప్పుడు ట్యాగ్ మీదే కాదు, రికార్డులోనూ ఉంది.

ఆ మాంసం తినకు. అలాగని పారేయకు. పారేస్తే సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది. చుట్టి ఉన్నది ఉన్నట్టు ఉంచు.

ఉల్లిపకోడి

సరే, నేను ముందన్నది వెనక్కి తీసుకుంటున్నా. రెండేళ్ళ నుంచి నడుస్తోందంటే అది పొరపాటు కాదు, అలవాటు.

ఒక డౌట్. రిపోర్ట్ చేస్తే డబ్బులిస్తారట కదా?

రూల్‌బుక్

ఇస్తారు. కొలరాడోలో దాన్ని ఆపరేషన్ గేమ్ థీఫ్ అంటారు, 1981 నుంచీ ఉంది. అంతకుముందే 1977లో న్యూ మెక్సికోలో మొదలైంది. పేరు చెప్పక్కర్లేదు, కోర్టుకి రానక్కర్లేదు. ఇంకో పథకంలో డబ్బు బదులు లైసెన్సో ప్రిఫరెన్స్ పాయింట్లో (ట్యాగ్‌ల డ్రాలో ముందుకి తెచ్చేవి) ఇస్తారు, అయితే అది తీవ్రమైన కేసులకే, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడాలి. మంచి యూనిట్‌లో పోతు ట్యాగ్ కోసం ఇరవై ఏళ్ళకి పైగా పాయింట్లు కూడబెట్టేవాళ్ళున్నారు. వాళ్ళకది చిన్న సంగతి కాదు.

స్పొకేన్_అక్క

మా దగ్గర 10 బోనస్ పాయింట్ల దాకా ఇస్తారు. పక్కనే ఒరెగాన్‌లో ఎల్క్ కేసుకి 4 ప్రిఫరెన్స్ పాయింట్లు. నాకు ఈ పద్ధతి ఎప్పుడూ మింగుడు పడదు. పాయింట్ల కోసం పక్క క్యాంపు మీద బైనాక్యులర్ పెట్టుకుని కూర్చునే వాళ్ళని చూశాను. మా తూర్పు వైపు చాలా చోట్ల మామూలు సీజన్‌లో స్పైక్‌నే కొట్టాలి. చిన్న కొన ఒకటి కనబడక పొరబడినవాడి మీద వీళ్ళు గద్దల్లా వాలతారు.

అలాగని ఆ పథకం తీసేయమని అనను. అడవిలో వందల చదరపు మైళ్ళకి ఒక్క ఆఫీసర్ ఉంటాడు. ఎవరో ఒకరు చెప్పకపోతే ఏదీ బయటపడదు.

రూల్‌బుక్

శాంసన్ కథ గుర్తుందా ఎవరికైనా? ఎస్టెస్ పార్కులో మనుషులకి అలవాటుపడ్డ పెద్ద పోతు. 1995లో ఒకడు క్రాస్‌బోతో కొట్టాడు. జనం గోల చేస్తే 1998లో కొత్త చట్టం వచ్చింది. ఒక కొమ్ముకి ఆరు కొనలున్న పోతుని అక్రమంగా కొడితే మామూలు జరిమానా కాక అదనంగా 10,000 డాలర్లు. ఊరి మొదట్లో దాని కంచు విగ్రహం కూడా ఉంది.

బౌల్డర్ సంగతి ఇంకా విచిత్రం. 2013 జనవరి 1న డ్యూటీలో ఉన్న పోలీసు ఇళ్ళ మధ్య తిరిగే పోతుని కాల్చి, గాయపడి ఉంటే చంపానని చెప్పాడు. చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోలేదు. ఒక పోలీసు నేరం ఒప్పుకున్నాడు, ఇంకొకణ్ణి 2014లో జ్యూరీ దోషి అంది. అక్కడా కాల్చినదానికన్నా కప్పిపుచ్చడానికి చేసిన పనులే మెడకి చుట్టుకున్నాయి.

బోజ్‌మన్_బాబాయ్

ఆ రెండు చోట్లా కొమ్ముల కోసం కక్కుర్తి పడ్డారు. ఇక్కడ మాంసం కోసం. మళ్ళీ మళ్ళీ కలిపేస్తున్నారు.

రెండేళ్ళ సంగతి విన్నాక నాకూ ఆయన మీద కోపమే. కానీ అందుకు శిక్ష ఏంటి? స్నేహం మానెయ్. ఇంకెప్పుడూ ఆయనతో క్యాంపుకి వెళ్ళకు. మొహం మీద చెప్పు. ప్రభుత్వాన్ని తీసుకొచ్చి ఆయన గుమ్మంలో నిలబెట్టడం వేరే పని. ఇక్కడి తెల్లవాళ్ళ క్యాంపుల్లో బావమరిది ట్యాగ్ బావ నింపడం లేదా? వాళ్ళకి జరిమానాతో పోతుంది. మనవాడికి జీవితమే తారుమారు కావచ్చు. ఒకే తప్పుకి రెండు రకాల శిక్ష పడుతుందని తెలిసీ ఫోన్ ఎత్తడం నాకు న్యాయం అనిపించదు.

వీసా_వేదన

బాబాయ్ గారి మాటలో నిజముంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నల్లమల_నేటివ్

అంటే వీసా ఉన్నవాడికి ఒక చట్టం, లేనివాడికి ఒక చట్టమా? రేపు అదే కొండ మీద మీ వాడు అడ్డదారిలో వేటాడుతుండగా ఒక తెల్లవాడు చూస్తే, "పాపం వీసా మీద ఉన్నాడు" అని ఊరుకుంటాడా? అప్పుడు మొత్తం మనవాళ్ళందరి మీదా పడుతుంది.

బోజ్‌మన్_బాబాయ్

నాకు నీతులు చెప్పకండి. వేటంటే ఏంటో తెలియకుండా హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని

మోడరేటర్

బాబాయ్ గారి పోస్టులో సగం తీసేశాను. ఇద్దరూ కాస్త తగ్గండి. వేట మంచిదా చెడ్డదా అనే చర్చకి వేరే థ్రెడ్ ఉంది.

స్పొకేన్_అక్క

కొత్తవేటగాడు గారూ, నాదొక సలహా. ముందు ఆయనకే చెప్పండి. ఎదురుగా కూర్చుని, వదినగారు కూడా ఉన్నప్పుడు. "మీరు ఫోన్ చేయండి, నేను పక్కనే ఉంటాను, చేయకపోతే నేను చేస్తాను" అని ఒక రోజు పెట్టి చెప్పండి. ఈలోగా లాయర్‌ని కలుస్తారు. పేరు చెప్పకుండా ఫోన్ చేసే దారి మీకు పనికిరాదు. ముగ్గురే ఉన్నచోట ఎవరు చెప్పారో ఆయనకి ఆ క్షణమే తెలిసిపోతుంది. చాటుగా చేసి, మళ్ళీ ఆయన ఇంట్లో దసరా భోజనానికి కూర్చోలేరు కదా.

పూడ్రే_పెద్దాయన

అక్క మాటే నాదీ. వెళ్ళేముందు యూనిట్ నంబర్, తేదీ, గుంపు కనబడ్డ చోటు ఒక కాగితం మీద రాసిపెట్టుకో. రోజులు గడిస్తే మనసు కథని తనకి నచ్చినట్టు మార్చేస్తుంది.

కొత్తవేటగాడు

అందరికీ థాంక్స్. వెళ్ళివచ్చాను. ఏం జరిగిందో రాస్తాను, అడిగినవాళ్ళకి చెప్పడం నా బాధ్యత.

అన్న మొదట నవ్వాడు. తర్వాత, "నీ ఫ్రీజర్లో ఉన్నది ఏ మాంసంరా?" అన్నాడు. నాకు తెలుసన్నాను, ముట్టుకోలేదని చెప్పాను. అప్పుడు గొంతు పెరిగింది. నేర్పిందెవరు, తుపాకీ ఇచ్చిందెవరు, అన్నీ వచ్చాయి. బాబాయ్ గారూ, మీరు రాసిన సామెతే ఆయనా వాడాడు.

వదిన వంటగది గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "నా సంతకం పెట్టావా?" అని ఒక్క మాట అడిగింది. ట్యాగ్ తన పేరున తీస్తున్నాడని తెలుసట, సంతకం సంగతి మాత్రం తెలియదు. ఆ తర్వాత నేనక్కడ ఉండటం బాగోదనిపించి వచ్చేశాను. ఆదివారం దాకా ఆగుతానని చెప్పి వచ్చాను.

శనివారం వదిన ఫోన్ చేసింది. లాయర్‌తో మాట్లాడారట, సోమవారం ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్ళి చెప్తారట. "నువ్వు చేయకు, మమ్మల్నే చెప్పుకోనీ" అంది.

ఉల్లిపకోడి

వదినకి దండం 🙏

కొత్తవేటగాడు

వాళ్ళు వెళ్ళారు. రెండ్రోజుల తర్వాత ఆఫీసర్ నా దగ్గరికీ వచ్చాడు. పోగు మొత్తం తూకం వేసి, రసీదు రాసిచ్చి తీసుకెళ్ళాడు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. కిందటేటి సంగతి కూడా అడిగాడు. అప్పుడు నేను లేనని, మూడో అతను చెప్పగా విన్నానని అన్నాను. అన్నకి ఎంత పడుతుందో ఇంకా తేలలేదు, తుపాకులు మాత్రం లాయర్ చెప్పినట్టు ప్రస్తుతానికి వేరే చోట పెట్టించారు.

మా వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు. అన్న కాదు, మిగతావాళ్ళు.

బోజ్‌మన్_బాబాయ్

నా అభిప్రాయం మారలేదు. ఆయన తనే వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. వెళ్ళకపోతే ఆదివారం రాత్రి నువ్వు నిజంగా ఫోన్ చేసేవాడివా?

కొత్తవేటగాడు

చేసేవాణ్ణి బాబాయ్ గారూ. నంబర్ ఫోన్లో సేవ్ చేసుకుని ఉంచాను.

బోజ్‌మన్_బాబాయ్

సరే. నేను చేసేవాణ్ణి కాదు. ఇటువైపు ఎప్పుడైనా వస్తే చెప్పు, భోజనానికి రా. వేటకి మాత్రం ఇద్దరం వేరే వేరే క్యాంపుల్లో ఉందాం.

పూడ్రే_పెద్దాయన

ట్యాగ్‌ల డ్రాకి గడువు ఏప్రిల్ మొదట్లోనే ఉంటుంది, మర్చిపోకు. తుపాకీ లేదు కదా నీ దగ్గర? కంగారుపడి కొనకు. మంచు తగ్గాక ఒక శనివారం మా రేంజ్‌కి వస్తే నావి రెండు మూడు పట్టుకుని చూద్దువు గానీ.